మిరపకాయలు ఎండబెట్టకండి: కాకతీయుల నాటి లోకంలో ఫాంటసీ వెబ్‌కామిక్ గీయడం ఎలా

"మాయలూ మంత్రాలూ ఉన్న కథకి చరిత్ర దేనికండీ?" అని ఒకరు అడుగుతారు. "మా రాజ్యం కాకతీయుల కాలంలా ఉండాలి, అప్పట్లో జనం ఏం తినేవారు, ఏం కట్టుకునేవారు, ఎలా పిలుచుకునేవారు?" అని ఇంకొకరు. నేను వెబ్‌కామిక్ గీస్తానని తెలిసిన దగ్గర్నుంచీ ఈ రెండు ప్రశ్నలూ నన్ను వదలట్లేదు. విడివిడిగా జవాబులు రాసీ రాసీ విసుగొచ్చి, అన్నీ ఒకచోట పెడుతున్నాను.

మొదటి ప్రశ్న సంగతి ముందే తేల్చేస్తా. మీ కథలో ఏనుగు ఎగరొచ్చు, ఎవరూ కాదనరు. కానీ దాని మావటి మధ్యాహ్నం చెట్టుకింద మూట విప్పితే అందులోంచి ఆలూ కూర రాకూడదు. జొన్నసంకటి వచ్చిందా, ఏనుగు కూడా నిజమే అనిపిస్తుంది.

నాకు ఇది దెబ్బ తిన్నాకే తెలిసింది. నా మొదటి కథలో రాజ్యం 1260 నాటి ఓరుగల్లుని చూసి కట్టుకున్నది. మూడో ఎపిసోడ్‌లో ఊరి కల్లం మీద ఎర్రగా మిరపకాయలు ఎండబోసినట్టు పొడుగాటి ప్యానెల్ (కామిక్‌లో ఒక్కో బొమ్మ గడి) గీశాను. ఆ ఎరుపు కుదరడానికి రెండు రోజులు పట్టింది. పెట్టిన గంటలో ఒకావిడ మెసేజ్: "బాబూ, కొలంబస్ ఇంకా పుట్టనే లేదు కదా, ఈ మిరపకాయలు ఎవరు తెచ్చారు?" తర్వాత లెక్క చూసుకుంటే ఆ మిరపకాయలు పదకొండు ప్యానెళ్ళలో ఉన్నాయి.

ముందుగా కావలసినవి

- నాలుగు గడులున్న ఒక పట్టిక. నోట్‌బుక్ అయినా, ఫోన్‌లో షీట్ అయినా సరే. గడులు ఇవి: వస్తువు లేదా అలవాటు, అప్పట్లో ఉందా, ఎక్కడ చూశాను, మన కల్పనా.
- సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949). ఈ పనికి తెలుగులో ఇంతకన్నా మంచి మొదటి పుస్తకం లేదు. తిండి, బట్ట, ఆట, జూదం, నగలు, తిట్లు అన్నీ కావ్యాల్లోంచి ఏరి పెట్టాడాయన.
- ఓపిక ఉంటే 'క్రీడాభిరామం', వ్యాఖ్యానంతో ఉన్న ప్రతి. కాకతీయ రాజ్యం పోయాక రాసిందే అయినా ఓరుగల్లు వీధుల్లో తిప్పుతుంది. పాల్కురికి సోమనాథుడి 'పండితారాధ్య చరిత్ర'లో మామూలు జనం, వాళ్ళ పాటలు, తిరునాళ్ళు కనిపిస్తాయి.
- మీరే తీసుకున్న ఫోటోలు. రామప్ప (1213), వరంగల్ కోట, సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి గుళ్ళు. ఇంటర్నెట్‌లో దొరికే ఫోటోలన్నీ ఒకే కోణంలో ఉంటాయి. మీకు కావలసింది గడప, గట్టు, నీళ్ళు పోయే తూము లాంటివి.
- కరెంటు రాని రోజుల్లో పల్లెలో పెరిగిన పెద్దావిడ ఒకరు. నవ్వకండి, చివర్లో ఆవిడతో పని ఉంది.

1. ఒక ఏడాది, ఒక ఊరు అనుకోండి

"పాతకాలం" అని రాసుకుంటే పని జరగదు. 1260 ఓరుగల్లుకీ 1520 విజయనగరానికీ మధ్య 260 ఏళ్ళున్నాయి. మన నుంచి 260 ఏళ్ళు వెనక్కెళ్తే ఈస్టిండియా కంపెనీకి బెంగాల్ దివానీ, అంటే పన్నులు వసూలు చేసే హక్కు, దక్కిన రోజులు. అంత దూరం. కానీ మన కామిక్స్‌లో రుద్రమ సైనికుడూ రాయల సైనికుడూ ఒకే టోపీ పెట్టుకుని తిరుగుతుంటారు.

పొడుగాటి కుళ్ళాయి, కుట్టిన పొడుగు అంగీ విజయనగర కొలువు వేషం. లేపాక్షి బొమ్మల్లో స్పష్టంగా కనిపిస్తుంది. శ్రీనాథుడంతటివాడు కుళ్ళాయి పెట్టుకోవలసి వచ్చిందని కన్నడ రాజ్యలక్ష్మితో మొరపెట్టుకున్నాడంటే, అది తెలుగువాడికి ఇంకా కొత్తగానే ఉన్నట్టు లెక్క. 1260 కథలో దాన్ని పెట్టకండి.

రెండు కాలాలూ కలిపే తీరాలనుకుంటే మానకండి. అయితే పట్టికలో "మన కల్పన" గడిలో రాసి, కథలో ఒక్క కారణం చూపించండి. తెలిసి కలిపితే చదివేవాళ్ళకి ఆ సంగతి తెలిసిపోతుంది, పట్టించుకోరు కూడా.

2. కత్తి పక్కన పెట్టి పొయ్యి దగ్గర మొదలెట్టండి

అందరూ మొదట కత్తులూ కోటలూ వెతుకుతారు. ఎక్కువ తప్పులు దొరికేది మాత్రం వంటింట్లో.

అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసుల కాలంలో, ఆ తర్వాత మనకి చేరినవి ఇవి: మిరప, టమాటా, బంగాళాదుంప, మొక్కజొన్న, వేరుశనగ, జీడిమామిడి, జామ, బొప్పాయి, సీతాఫలం, అనాస, సపోటా, పొగాకు. 1500కి ముందు కథ అయితే ఇవన్నీ కొట్టేయండి. తీపి గుమ్మడి కూడా అటువైపుదే. బూడిద గుమ్మడి మాత్రం మనకి పాతదే.

మిగిలినవి చాలా ఉన్నాయి, కంగారు పడకండి. వరి, జొన్న, సజ్జ, రాగి, కొర్ర, సామ. కంది, పెసర, మినుము, శనగ, ఉలవ. వంకాయ, కాకర, బీర, సొర, చిక్కుడు, కంద. కారానికి మిరియం, పిప్పళ్ళు, అల్లం, ఆవాలు. పులుపుకి చింతపండు. ఆముక్తమాల్యదలో చలికాలపు భోజనం చూడండి: మిరియపు పొడి వేసిన వేడి కూరలు, ముక్కు అదిరిపోయే ఆవపచ్చళ్ళు. మిరపకాయ లేకుండా కన్నీళ్ళు పెట్టించడం మనవాళ్ళకి బాగా తెలుసు. తర్వాత వచ్చిన కాయకి మిరియం పేరే అంటుకుంది.

జాగ్రత్త: ఊరంతా వరన్నం తినిపించకండి. చెరువు కింద మాగాణి ఉన్నచోట వరి. మెట్టలో జొన్న, సజ్జ. పల్నాటి మీద శ్రీనాథుడిదని చెప్పే చాటువులో ఆ సజ్జ జొన్న కూళ్ళ గురించే ఏడుపు. మీ కథానాయకుడు మెట్ట ఊరి కుర్రాడై, రాజధానికొచ్చి మొదటిసారి సన్నబియ్యపు అన్నం ముట్టుకుంటే, ఆ ఒక్క ప్యానెల్‌లో అతని ఊరూ పేదరికం రెండూ తెలుస్తాయి. డైలాగ్ అక్కర్లేదు.

జపాన్‌లో ఇలాంటి తప్పులు పట్టేవాళ్ళని వెక్కిరింపుగా "బంగాళాదుంప పోలీసులు" అంటారు. యూరప్ మధ్యయుగం లాంటి ఫాంటసీలో బంగాళాదుంప కనిపిస్తే చాలు, ఈ పోలీసులు దిగిపోతారు. మనకి మిరపకాయ పోలీసులు కావాలి. నేను చేరిపోయాను.

3. బ్యాక్‌గ్రౌండ్‌లో చెట్లూ పువ్వులూ సరిచూడండి

తిండిలో తప్పు చాలామంది పట్టేస్తారు. చెట్టు తప్పయితే ఎవరూ పట్టుకోరు, గీసేవాళ్ళకీ తెలియదు. మనం ఫోన్‌లో తీసుకొచ్చిన పల్లె ఫోటోలోనే తప్పు కూర్చుని ఉంటుంది.

గుడి పక్కన గీసే దేవగన్నేరు మధ్య అమెరికాది. దారి పొడుగునా కనిపించే సర్కారు తుమ్మ, నిద్రగన్నేరు, చెరువులో గుర్రపుడెక్క, గోడ మీద కాగితం పువ్వు, ఇవీ అటువైపువే. నీలగిరి చెట్టు ఆస్ట్రేలియాది. ఎర్రగా పూసే తురాయి మడగాస్కర్‌ది. వీటి బదులు తాటి, ఈత, ఇప్ప, మోదుగ, మర్రి, రావి, వేప, జమ్మి, నల్లతుమ్మ వేయండి. ఎరుపు కావాలంటే వేసవి మొదట్లో ఆకు రాల్చి పూసే మోదుగని మించింది లేదు.

ఇంకో పెద్ద చిక్కు బంతి. మెక్సికో పువ్వది. బంతి లేని బతుకమ్మా, గుమ్మడి పువ్వు లేని గొబ్బెమ్మా మనకి ఊహకి అందవు. కానీ తంగేడు, గునుగు ఇక్కడివే, బూడిద గుమ్మడి పువ్వూ పసుపే. అలాంటి పూల పండగ మీ లోకంలో ఉంటే వాటితోనే పేర్చండి. తలలోకి మల్లె, జాజి, సంపెంగ, మొగలి, కనకాంబరం.

ఇళ్ళు, కోటల గురించి రెండే మాటలు. బెంగుళూరు పెంకు 19వ శతాబ్దపు ఫ్యాక్టరీ సరుకు, వేయొద్దు. తాటాకు, గడ్డి, నాటుపెంకు చాలు. కోట అనగానే యూరప్ రాతి శిఖరాలు గీయకండి. ఓరుగల్లుకి లోపల రాతిగోడ, బయట మట్టికోట, చుట్టూ కందకం. ఢిల్లీ సేనాని మాలిక్ కాఫర్ ముట్టడి రోజుల్లో ఆ మట్టిగోడలో ఉక్కు బల్లెం కూడా దిగేది కాదని ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో రాశాడు. రెడీమేడ్ త్రీడీ మోడల్స్ కొనేవాళ్ళు దీన్ని మరీ చూసుకోవాలి. "మధ్యయుగ గ్రామం" అని అమ్మే ప్రతి ప్యాక్‌లోనూ పొగగొట్టాలు ఉంటాయి.

4. నిప్పు, నీళ్ళు, దీపం

అగ్గిపెట్టె 19వ శతాబ్దపు వస్తువు. మరి తెల్లారి పొయ్యి ఎలా వెలిగేది? రాత్రి వంటయ్యాక నిప్పుకణికల మీద బూడిద కప్పి ఉంచేవారు. నివురుగప్పిన నిప్పు అన్నమాట. పొద్దున్నే బూడిద తోసి, పిడక పెట్టి ఊదితే అంటుకునేది. ఆరిపోతే పిడక ముక్క పట్టుకుని పక్కింటికి వెళ్ళడమే. దారిలో ఉన్నవాళ్ళకి చెకుముకిరాయి.

దీన్ని కథలో వాడుకోండి. ఇద్దరు ఇల్లాళ్ళకి పడట్లేదని చెప్పాలనుకోండి. తెల్లవారుజామున ఒకావిడ పిడక పట్టుకుని పక్క గుమ్మం దాటేసి మూడో ఇంటికి నడుస్తున్నట్టు గీయండి. మాటా మంతీ అక్కర్లేదు.

దీపానికి ఆముదం, నువ్వులనూనె. కిరసనాయిలు లాంతరు వద్దు. ఆముదం దీపం వెలుగు చిన్నది, పసుపు, మనిషి మొహం వరకే వస్తుంది. రాత్రి ప్యానెళ్ళలో గదంతా కనిపిస్తోందంటే మీ లేయర్లలో ఎక్కడో ట్యూబ్‌లైట్ వెలుగుతోందన్నమాట. ఒక మూల తప్ప మిగతాదంతా చీకటి చేయండి. శ్రమ కూడా తగ్గుతుంది.

నీళ్ళు తోడటానికి చేద, గిలక. పొలానికి ఏతం, మోట. తలకి కుంకుడు, సీకాయ. ఒంటికి సున్నిపిండి. బట్టలకి చౌడు, రేవులో బండ. పళ్ళకి వేపపుల్ల.

5. బట్టలు: శిల్పాన్ని చూడండి, శిల్పాన్ని నమ్మకండి

రామప్పలో ఎత్తు చెప్పులు తొడిగిన మదనిక శిల్పాన్ని గైడ్లు తప్పకుండా చూపిస్తారు. ఫోటో తీసుకోండి, తప్పులేదు. ఆ ఒక్క బొమ్మని చూసి అంగట్లో ఆకుకూరలమ్మే ఆవిడకి హీల్స్ తొడగకండి. గుడి మీద బొమ్మలు దేవతలూ నర్తకులూ. వాళ్ళ ఒంటి మీదున్న నగలు ఊళ్ళో అందరి ఒంటి మీదా ఉండవు. శిల్పం నుంచి కొప్పు, నగల ఆకారం, నడుము దగ్గర కట్టు తీసుకోండి. బట్ట ఎంత, ఎవరు ఎంత కప్పుకునేవారు అనేది కావ్యాలతో సరిచూడండి.

రంగుల విషయంలో ఒక చిట్కా. మొదటి కృత్రిమ రంగు 1856లో లండన్‌లో పెర్కిన్ అనే కుర్రాడి చేతిలో పుట్టింది. అంతకు ముందు నీలి మొక్క నీలం, చిరువేరు ఎరుపు, పసుపు, కరక్కాయ, ఇలాంటివే. ఆ రంగులతో ఒక పాలెట్ చేసి సేవ్ చేసుకోండి, జనం బట్టలకి దాన్నే వాడండి. రాజుకి ముదురు ఎరుపు, చాకిరీ చేసేవాడికి ఉతికి ఉతికి వెలిసిన తెలుపు. ఫ్లోరసెంట్ గులాబీని మంత్రగత్తె కోసం దాచుకోండి. అప్పుడు ఆవిడ ప్యానెల్‌లోకి అడుగుపెట్టగానే ఏదో తేడా ఉందని కంటికి తెలుస్తుంది.

6. దూరం, డబ్బు, కాలం

ఈ మూడింటికీ ముందే లెక్క రాసుకోకపోతే పదో ఎపిసోడ్‌కి చిక్కుల్లో పడతారు.

ఓరుగల్లు నుంచి మోటుపల్లి రేవుకి మ్యాప్ మీద నేరుగా గీత గీస్తేనే 250 కిలోమీటర్లకి తక్కువ ఉండదు. మనిషి రోజుకి 25, 30 కిలోమీటర్లు నడుస్తాడు. వంకర దారులతో పన్నెండు రోజులు వేసుకోండి. మధ్యలో కృష్ణ దాటాలి, పుట్టి (గుండ్రటి తెప్ప) ఎక్కాలి. వానాకాలం వరదొస్తే ఒడ్డునే పడిగాపులు. అందరికీ గుర్రాలు ఇచ్చేయకండి. మంచి గుర్రం సముద్రం మీద దిగుమతయ్యే ఖరీదైన సరుకు. మామూలు జనానికి కాలినడక, ఎద్దుబండి. సరుకుకి పెరికెద్దులు.

డబ్బు: రూపాయి వద్దు. అది 16వ శతాబ్దంలో షేర్షా కాలంలో మొదలైన నాణెం. గద్యాణం, మాడ, చిన్నం, రూక వాడండి. ధరలకి 'క్రీడాభిరామం'లో ఒక అద్భుతమైన పద్యం ఉంది. పూటకూళ్ళింట్లో సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. అంతా కలిపి ఒక్క రూక. మీ హీరో అన్నం తిని బంగారు గద్యాణం విసిరేసి వెళ్ళిపోతే అతను దొంగైనా అయి ఉండాలి, వెర్రివాడైనా అయి ఉండాలి.

కాలం: గడియ అంటే 24 నిమిషాలు, రోజుకి 60. జాము అంటే మూడు గంటలు. అడుగున చిల్లున్న చిన్న గిన్నె నీళ్ళలో తేలుతూ నిండి మునిగితే ఒక గడియ. "అయిదు నిమిషాల్లో వస్తా" అని ఎవరితోనూ అనిపించకండి.

రేవు ఉన్న కథ అయితే గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం గురించి చదవండి. గాలివానకి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకుని అంతకుముందు రాజులు లాగేసుకునేవారు. అలా చేయం, సుంకం మాత్రమే తీసుకుంటాం అని హామీ ఇచ్చాడాయన. దీన్ని చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. శాసనం వేయకముందు ఓడ పగిలిన వర్తకుడి కూతురు, వేశాక సుంకం వసూలు చేసే ఉద్యోగి, వీళ్ళిద్దరూ ఎదురుపడితే కథ దానంతటదే నడుస్తుంది.

7. మాటలు, పిలుపులు

నోటి మాటల్లో తప్పు చెవికి తగులుతుంది. మనం రోజూ వాడే చాలా మాటలు పారసీ, అరబ్బీ, పోర్చుగీసుల నుంచి తర్వాత వచ్చినవి. 1260 పాత్రల నోట ఇలా మార్చండి:

- దర్బారు బదులు కొలువు
- సిపాయి బదులు బంటు
- దుకాణం బదులు అంగడి
- ఫిర్యాదు బదులు మొర
- జవాబు బదులు బదులు (అవును, ఇలాగే రాయాలి)
- ఖర్చు బదులు వెచ్చం
- తయారు బదులు సిద్ధం
- కుర్చీ బదులు పీట, గద్దె
- బాల్చీ బదులు చేద, కడవ
- కాగితం బదులు తాటాకు, లెక్కలకి కడితం (పూత పూసిన గుడ్డ పుస్తకం)

అలాగని గ్రాంథికంలోకి దూకకండి. "నీవు ఎచటికేగుచున్నావు" అని రాస్తే పాత్రలు నాటకం స్టేజీ ఎక్కేస్తాయి. మామూలు వ్యావహారికంలోనే రాయండి, తర్వాత వచ్చిన మాటలు తీసేయండి. చాలు.

పిలుపులు: అందరినీ పేరు పెట్టి పిలిపించడం యూరప్ కామిక్స్ అలవాటు. మన ఊళ్ళో అక్కా, బావా, మామా, పెద్దమ్మా అంటూ వరస కలుపుకోవాలి, లేదా అయ్యా, అమ్మా అనాలి. కొత్తవాడు ఊళ్ళోకి వచ్చి ఎవరిని ఏ వరసతో పిలిచాడనేదే ఒక సన్నివేశం. రాణుల దగ్గర ఇంకో మెలిక. రుద్రమ శాసనాల్లో ఆమెను రుద్రదేవ మహారాజు అని రాశారు. మీ లోకంలో అలాంటి ఏలిక ఉంటే కొలువులో ఏమంటారు, దాది ఏమంటుంది, శత్రువు ఏమంటాడు? మూడూ వేరుగా ఉండాలి.

చేతి పనులు కూడా పిలుపుల్లాంటివే. కరచాలనం వద్దు. ఇంట్లోకి వచ్చేవాళ్ళు చెప్పులు బయట విడిచి, చెంబునీళ్ళతో కాళ్ళు కడుక్కుంటారు. ఇచ్చేదీ పుచ్చుకునేదీ కుడిచేత్తో. కొలువులో తాంబూలం ఇస్తే మర్యాద. ఒక పని చేసి పెడతానని తాంబూలం అందుకుంటే అది మాట ఇచ్చినట్టే.

8. బావి దగ్గర ఎవరు నిలబడ్డారు?

చాలామంది దాటేసే మెట్టు ఇది. పాతకాలపు ఊరు గీసినప్పుడు కులం గురించి మాట్లాడకపోయినా బొమ్మ మాట్లాడేస్తుంది. బావి గట్టు మీద ఎవరున్నారు, దూరంగా కుండ పట్టుకుని ఎవరున్నారు, అరుగు మీద ఎవరు కూర్చున్నారు, ఎవరి ఇల్లు ఊరికి ఏ పక్కనుంది?

"మా ఫాంటసీ లోకంలో కులాల్లేవు" అనేవాళ్ళకి నా ప్రశ్నలు ఇవి: చచ్చిన గొడ్డుని ఎవరు లాగుతారు? రేవులో బట్టలు ఎవరివి ఎవరు ఉతుకుతారు? పెళ్ళి ఎవరు కుదురుస్తారు? జవాబులుంటే మంచి కథ దొరికినట్టే. లేకపోతే మీరు కులాన్ని తీసేయలేదు, కెమెరా పక్కకి తిప్పారంతే. ఉంచుతామనేవాళ్ళు దాన్ని అలంకారంలా వాడొద్దు. దూరంగా నిలబడ్డ మనిషికి పేరు పెట్టండి, కనీసం ఒక్క మాటైనా మాట్లాడించండి.

9. ఇప్పుడు మాయని దించండి

మాయని ముందే పెడితే ఇవన్నీ కొట్టుకుపోతాయి. అందుకే తొమ్మిదో మెట్టు. ఒక్కో మంత్రానికీ అది మార్చే మూడు రోజువారీ అలవాట్లు రాయండి.

ఉదాహరణకి వేలికొసతో నిప్పు పుట్టించే విద్య అందరికీ ఉందనుకోండి. నివురు కప్పడం పోతుంది. నిప్పు అడగడానికి పక్కింటికి వెళ్ళడం పోతుంది, దాంతో పొద్దున్నే ఊసులాడే వేళా పోతుంది. ఆరిన పొయ్యి అంటే అరిష్టం కాకుండా సోమరితనం అవుతుంది. ఆ విద్య కొందరికే ఉంటే ఇంకా మజా. వాళ్ళింటి ముందు తెల్లారకముందే పిడకలతో వరుస కడతారు, ఊరికే అయితే ఇవ్వరుగా.

వానని రప్పించేవాళ్ళు ఉంటే పాకాల, రామప్ప, లక్నవరం లాంటి చెరువులు ఎందుకు తవ్వారు? చెరువు తవ్వినవాడికి దక్కే దశబంధం మాన్యం ఎవరికి? తూము ఎత్తే నీరటికాడికి పనేంటి? వీటికి సమాధానం రాసుకోకుండా వానమంత్రం వాడొద్దు.

10. సరిచూసుకోవడం

ఒక ప్యానెల్ చేసి చూపిస్తా. సన్నివేశం: సాయంత్రం, బాటసారి పూటకూళ్ళింటికి వచ్చాడు.

నా మొదటి గీత: చెక్క తలుపు తోసుకుని చెప్పులతో లోపలికి వచ్చాడు. పొడుగు బల్ల, బెంచీలు, గోడలో చలిమంట. గిన్నెలో పొగలు కక్కే ఎర్రటి కూర. బల్ల మీద బంగారు నాణెం. చూస్తే ఏ దేశమో మీరే చెప్పండి.

దిద్దాక: అరుగు దగ్గర ఆగాడు, చెప్పులు కింద. ఇంటావిడ చెంబు అందించింది, కాళ్ళు కడుక్కున్నాడు. లోపల నేల మీద పీట, మోదుగాకుల విస్తరి (కోనసీమ అయితే అరిటాకు వేసేవాణ్ణి). పచ్చని పప్పు మీద నెయ్యి. గూట్లో ఆముదం దీపం, ఆ వెలుగులో విస్తరీ చెయ్యీ మాత్రమే కనిపిస్తాయి. కొంగున కట్టిన రూక ముడి విప్పుతున్న వేళ్ళు. ఇంత చేసినా కొంగు ఆడవాళ్ళదని, మగవాడు మొలలోంచి తీయాలని తర్వాత గుర్తొచ్చింది. మళ్ళీ దిద్దాను.

ఎపిసోడ్ పెట్టేముందు ఈ మూడు పరీక్షలు చేయండి.

మొదటిది, మాటలన్నీ తీసేసి బొమ్మలు మాత్రం ఒక స్నేహితుడికి చూపించండి. ఏ ప్రాంతం, ఏ ఋతువు, పగటి ఏ జాము అని అడగండి. రెండింటికైనా సరిగ్గా చెప్పలేకపోతే బ్యాక్‌గ్రౌండ్ పనిచేయట్లేదు.

రెండోది, ఎపిసోడ్‌లో కనిపించే ప్రతి వస్తువునీ పట్టికలోకి ఎక్కించండి. యాభై ప్యానెళ్ళకి అరగంట పడుతుంది. "ఎక్కడ చూశాను" గడి ఖాళీగా ఉన్నవాటిని తీసేయండి, లేదా కల్పన అని ఒప్పుకోండి. "సినిమాలో చూశాను" అనేది ఆ గడిలో చెల్లదు.

మూడోది, పెద్దావిడ. ఆవిడకి 13వ శతాబ్దం తెలియదు, కానీ ఒళ్ళు ఎలా వంగుతుందో తెలుసు. మా అమ్మమ్మకి దంచే ప్యానెల్ చూపిస్తే ఒక్క చూపులో "రోకలి అలా పట్టుకుంటే అరచేతులు బొబ్బలెక్కుతాయి, అయినా రోలు గుమ్మానికి అడ్డంగా పెట్టారేంటి" అంది. ఏ పుస్తకంలోనూ ఇది దొరకదు.

కాకతీయులు కాకుండా వేరే లోకమైతే

పద్ధతి ఇదే, పట్టిక మారుతుంది. యూరప్ మధ్యయుగం తీసుకుంటే అక్కడా 1492కి ముందు బంగాళాదుంప, టమాటా లేవు. కొరియా రాజుల కాలమైతే ఎర్ర కిమ్చీ దగ్గర ఆగండి. మిరప అక్కడికి చేరింది 16వ శతాబ్దం చివర్లో.

పెట్టేశాక తప్పు దొరికితే

వాదించకండి. "ఫాంటసీ కదండీ" అనే మాట అసలు వద్దు, చెప్పినవాళ్ళు మళ్ళీ రారు. కథకి అడ్డం రాని తప్పయితే ఊరుకుని తర్వాతి ఎపిసోడ్ నుంచి మార్చండి. కథలోకి వెళ్ళిన తప్పయితే ప్యానెల్ మార్చి, కింద ఒక వాక్యం రాయండి.

నా పదకొండు ప్యానెళ్ళూ మళ్ళీ గీశాను. కల్లం మీద మిరపకాయలు తీసేసి ఇప్పపువ్వు ఆరబోశాను. రెండు రోజులు కష్టపడ్డ ఎరుపు పోయి లేత పసుపు వచ్చింది. ఇప్పపువ్వు ఉన్నచోటికి మేకలు రాకుండా ఉండవు కదా అని, ఒక మూల కర్ర పట్టుకుని వాటిని తోలుతున్న పిల్లని గీశాను. ఆ పిల్లకి అప్పుడు పేరు కూడా లేదు. ఇప్పుడు కథ ముప్పయ్యో ఎపిసోడ్‌లో ఉంది, కోట తలుపు తాళం ఆ పిల్ల దగ్గరే ఉంది.